పక్కపక్కనే రెండు చుక్కలు

కుర్చీల వ్యాన్ వెనక, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నప్పుడు అమ్మ మెసేజ్ వచ్చింది. బస్సేంటే, బ్రిడ్జి మీద ఆగిపోయింది?

ఆగలేదు. అసలు బస్సే లేదు. బ్రిడ్జి దాటాక డ్రైవరు టీ తాగడానికి ఆపుతాడని ప్రోగ్రాంలో నేనే రాశాను. కొలత కాస్త తప్పి, బ్రిడ్జి నడిమధ్యలోనే ఆపేశాను. డ్రైవరు టీకి దిగాడమ్మా అని జవాబిచ్చాను. బ్రిడ్జి మీదా, వాడి మొహం, అక్కడ ఆపకూడదని నువ్వయినా చెప్పలేవా అని అమ్మ. చెల్లి నవ్వాపుకోలేక కుర్చీ కాలు పట్టుకుంది.

మా అమ్మ టైలరు. స్కూలు యూనిఫారాల రోజుల్లో మిషను ముందునుంచి లేవదు. దారపు రీళ్ళ డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టుకుని, కాలితో తొక్కుతూ, కంటితో మమ్మల్ని కాపలా కాస్తుంది. ఇంట్లో అందరి ఫోన్లలో ఒక యాప్ ఉంది. ఎవరెక్కడున్నారో మ్యాప్ మీద చుక్కలా చూపిస్తుంది. నాది నీలం, చెల్లిది నారింజ. అమ్మది ఎప్పుడూ కదలని ఆకుపచ్చ.

నా ఉద్యోగమేమో యాప్‌లు టెస్ట్ చేయడం. కంప్యూటర్లోనే ఉత్తుత్తి ఫోన్లు తెరిచి, అవి ఎక్కడెక్కడో తిరుగుతున్నట్టు యాప్‌ని నమ్మించి, అది నమ్ముతుందా లేదా చూడాలి. అంటే జీతమిచ్చి మరీ నాతో అబద్ధాలాడిస్తారు. చెల్లికి సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. సెలవులు కాబట్టి బీచ్ పక్కన గదికే నా దగ్గరున్నదంతా ఊడ్చుకుపోయింది. బస్సు టికెట్లు చూస్తే విమానంలో తీసుకెళ్తారేమో అనిపించింది. లిఫ్టులడుక్కుంటూ వెళ్దామని నేనే అన్నాను. అమ్మతో ఆ మాట అంటే కత్తెర తీసుకుని నేనుండే హాస్టల్‌కే వచ్చేస్తుంది. అందుకని ఆ పొద్దున నా గదిలో లాప్‌టాప్ మీద రెండు ఉత్తుత్తి ఫోన్లు తెరిచి, ఒకదాన్లో నా అకౌంటు, ఇంకోదాన్లో చెల్లిది పెట్టి, బస్సు టైంటేబుల్ ప్రకారం రెండు చుక్కలూ రోడ్డు వెంట వెళ్ళేలా రాశాను. చేతుల్లో ఉన్న అసలు ఫోన్లు మధ్యలో నిజం కక్కకుండా వాటిలో లొకేషన్ మొత్తంగా ఆపేశాను. దేన్నీ సగంలో వదలనని ఆఫీసులో నాకు పేరు.

చివర్లో ఒకటి మాత్రం తేడా కొట్టింది. దిగాల్సిన చోటు బస్టాండు అని గుర్తు పెట్టబోయి వేలు కాస్త పక్కన పెట్టాను. పెద్దది చేసి చూస్తే రెండు చుక్కలూ బస్టాండు వెనక ఆడవాళ్ళ టాయిలెట్ల మీద ఆగుతున్నాయి. చెల్లి మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. ఇంత హడావుడి చేసి మనం దిగేది అక్కడా అంది. సరిచేద్దామనుకునేలోపు, తను మాట్లాడిపెట్టిన కుర్చీల వ్యాన్ బయల్దేరుతోందని వాచ్‌మన్ కేకేశాడు. బ్యాగులు పట్టుకుని పరుగెత్తాం.

కుర్చీలాయన మమ్మల్ని హైవే మీద పెట్రోలు బంకు దగ్గర దించాడు. అక్కణ్ణుంచి ఆయన దారి వేరు. దించుతూ, ఇద్దరూ ఒకే బండి ఎక్కండి, ఒకే బండి దిగండి, మొహమాటపడి విడిపోకండి అని మా మేనమామలా చెప్పాడు. అది మా రూలేనండీ అన్నాను. నిజంగానే మా రూలు. ఇంకో రూలు, ఎక్కే ప్రతి బండి నంబరు ఫోటో తీసుకోవడం.

బంకులో నీడ లేదు. వచ్చిన ప్రతి కారు నిండా మనుషులు, కారు పైన గాలి ట్యూబులు, కిటికీల్లోంచి పిల్లల కాళ్ళు. లోకంలో ఉన్నవాళ్ళంతా ఆ రోజే సముద్రానికి బయల్దేరినట్టున్నారు. ఒక బైకు మా ముందు నుంచి మూడోసారి మెల్లగా వెళ్ళింది. దాని మీదున్న ఇద్దరూ మావైపే చూస్తున్నారు. చెల్లి నా బ్యాగు పట్టీ పట్టుకుంది. అది నవ్వడం మానేసి అప్పటికే చాలాసేపైంది.

అప్పుడొచ్చిందా కుటుంబం కారు. అంకులు, ఆంటీ, వెనక సీట్లో ఐసు డబ్బా పక్కన ఒక మామ్మ. వాళ్ళ పక్కనే ఇంకో తెల్ల కారు ఆగి ఉంది. వెనకద్దానికి ఎండ తగలకుండా పిల్లుల బొమ్మల తెర వేసి ఉంది. దాని తాలూకు మనిషి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు, అంకుల్ కారు టైర్లలో గాలి చూస్తున్నాడు. మామ్మ చేతులు కడుక్కుంటానంటే సీసాతో నీళ్ళు పోశాడు. ఆంటీ వాళ్ళ ఫ్లాస్కులోంచి కప్పులో టీ పోసి అతనికిచ్చింది. చూస్తే ఒకే ఇంటి మనుషులు.

మా సంగతి చెప్తే ఆంటీ జాలిపడింది కానీ, ఒక్కరికే చోటుందమ్మా అంది. టైరు దగ్గర్నుంచి అతను తలెత్తి, నా బండి ఖాళీయే కదండీ, మీ వెనకే వస్తాను, ఒకమ్మాయి నాతో రావచ్చు అన్నాడు. ఆంటీ, అవునమ్మా, అలా చేయండి అంది.

చెల్లికి వెనక సీటు పడదు. చిన్నప్పటినుంచీ ఏ బండెక్కినా ముందు సీటు, తెరిచిన కిటికీ, నోట్లో చాక్లెట్టు. కళ్ళు మూసిందంటే కడుపులో తిప్పుతుంది. అందుకని ఎంత దూరమైనా రెప్ప వేయదు. మామ్మ పక్కన కూర్చోబెడితే ఐసు డబ్బాలో వాంతి చేసుకుంటుంది. తెల్ల కార్లో ముందు సీటు ఖాళీ. అది నా వైపు చూసింది. మన రూలు కదా అన్నట్టు. బైకు నాలుగోసారి వస్తోంది. వెళ్ళవే, ముందు సీటు, వెనకే వస్తారు అని నేనే దాని బ్యాగు అందించాను.

అంకుల్ కారు నంబరు ఫోటో తీశాను. తెల్ల కారుకి అడ్డంగా గాలి పంపు ఉంది. తర్వాత తీద్దాంలే అనుకున్నాను.

మొదట్లో వెనక్కి తిరిగినప్పుడల్లా తెల్ల కారు కనిపించింది. ముందద్దంలోంచి చెల్లి చెయ్యి ఊపింది కూడా. తర్వాత మధ్యలో ఒక ట్యాంకరు దూరింది. ట్యాంకరు తప్పుకునేసరికి వెనకున్నది ఎవరిదో ఎర్ర కారు. ట్రాఫిక్‌లో మామూలేగా అనుకున్నాను. ఎక్కడున్నావే అని మెసేజ్ పెట్టాను. చూడలేదు. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే కట్ చేశారు. మూడోసారి ఎత్తారు.

“మీ చెల్లెలు పడుకుందండీ,” అన్నాడతను, అదే నెమ్మదైన గొంతుతో. “పాపం బాగా అలిసిపోయినట్టుంది. కంగారుపడకండి, వెనకే వస్తున్నాం.”

థాంక్సండీ అన్నాను. నిజంగా అన్నాను, థాంక్స్ అని. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి కాసేపు పొలాలు చూశాను. అప్పుడు తట్టింది. పడుకుందా?

ఆంటీ వైపు వంగి, మీ వాళ్ళబ్బాయి నంబరు ఇస్తారా, నా చెల్లితో మాట్లాడాలి అన్నాను.

“మా వాళ్ళబ్బాయెవరమ్మా?” అంది ఆంటీ.

బంకులోనే కలిశాడట. టైరు మెత్తగా ఉందని వచ్చి చెప్పాడట. మంచివాడిలా ఉంటే టీ ఇచ్చారట. నీకు తెలిసినవాడేమో అనుకున్నాను, నువ్వు చెల్లెల్ని అంత ధీమాగా ఎక్కిస్తుంటే అంది. నేనేమో వాళ్ళ మనిషి అనుకున్నాను. వాళ్ళేమో మా మనిషి అనుకున్నారు. అతను మాత్రం ఎవరేమనుకుంటున్నారో తెలిసినవాడిలా, మధ్యలో నిలబడి టీ తాగాడు.

అంకుల్ కారు పక్కకి తీసి ఆపాడు. రోడ్డు పక్కన నిలబడి వచ్చే ప్రతి తెల్ల కారునీ చూశాను. లోకంలో ఇన్ని తెల్ల కార్లు ఎందుకు చేశారో తెలీదు. పిల్లుల తెర ఉండేది వెనకద్దానికి కాబట్టి, ఒక్కో కారూ దాటి వెళ్ళాకే అది కాదని తెలిసేది.  చెల్లి ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు అమ్మ వాయిస్ మెసేజ్. వెనక మిషను చప్పుడు. “ఇద్దరి చుక్కలూ చూస్తుంటే ముచ్చటేస్తోందే. అంటుకుపోయి కూర్చున్నారు. కిటికీ వైపు దాన్నే కూర్చోబెట్టావుగా?”

మ్యాప్ తెరిచాను. నీలం, నారింజ. పక్కపక్కనే, హాయిగా, సమయానికి బ్రిడ్జీలూ టోల్‌గేట్లూ దాటుకుంటూ వెళ్తున్నాయి. నా చెల్లి ఎక్కడుందో చూపించడానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క వస్తువు నా చేతిలో ఉంది. అది నేను చెప్పమన్నదే చెప్తోంది. పోయిన ఫోన్‌ని వెతికి పెట్టే సదుపాయం ఇంకోటుంది, దాన్ని నొక్కాను. ఈ ఫోన్‌లో లొకేషన్ ఆపేసి ఉంది అంది. తెలుసు. నేనే ఆపాను. దేన్నీ సగంలో వదలను కదా.

మధ్యలో డివైడరు, వెనక్కి తిరగడానికి లేదు. సిటీ మొదట్లో టూరిస్టుల కోసం పోలీసుల టెంటుంటుంది, అక్కడ చెబుదాం అన్నాడు అంకులు. ఆయన గొంతులో భయం ఉంది, దాని పక్కనే ఈ గొడవ మాకెందుకొచ్చింది అనేదీ ఉంది. తప్పు పట్టలేను. మామ్మ మాత్రం నా మణికట్టు పట్టుకుంది, టెంటు దాకా వదల్లేదు.

సిటీలోకి కారు దూరలేదు. రోడ్డంతా జనమే. తడి తువ్వాళ్ళు, ఐస్‌క్రీం కారుతున్న మోచేతులు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు, బూరలమ్మేవాళ్ళు. హోటళ్ళ మధ్య సందులోంచి ఒక చీలికలా సముద్రం కనబడింది. చెల్లితో కలిసి మొదటిసారి చూద్దామనుకున్నాను. మొహం తిప్పేసుకున్నాను.

టెంటులో ఒక హెడ్ కానిస్టేబుల్, చేతిలో మైకు. ఎర్ర చొక్కా బాబు మా దగ్గరున్నాడు, తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళండి అని చెప్తున్నాడు. ఎర్ర చొక్కా బాబు బల్ల మీద కూర్చుని బిస్కెట్ తింటూ, అందరికంటే ధీమాగా ఉన్నాడు. నేను నా సంగతి చెప్పాను. అంకుల్, ఆంటీ కూడా చెప్పారు. హెడ్డు అంతా విని, చివరిసారి లొకేషన్ ఏమైనా ఉందా అని నా ఫోన్ తీసుకున్నాడు. తెరిచి ఉన్న మ్యాప్ చూసి, కనుబొమలెత్తి నా వైపు చూశాడు.

“ఇదుగో ఉందిగా మీ చెల్లి. బస్టాండులో. నువ్వూ అక్కడే ఉన్నావు.”

బస్సు టైముకి చేరిపోయింది. మా రెండు చుక్కలూ దిగి నిలబడ్డాయి.

అది అబద్ధమండీ అన్నాను. ఫోన్ అబద్ధం చెప్తుందా అన్నాడు. ఇది నేను చేసిన అబద్ధం అన్నాను. లాప్‌టాప్, ఉత్తుత్తి ఫోన్లు, టైంటేబుల్, అంతా చెప్పాను. చెప్తుంటే నాకే నేను పిచ్చిదానిలా వినిపించాను. ఆయన తల గోక్కున్నాడు. మీ అమ్మకి చెప్పడానికి చేశావు సరే, మరి నిజంగా ఎక్కడుందో తెలియడానికి ఏం పెట్టుకున్నావు అని అడిగాడు. ఏమీ పెట్టుకోలేదు. అతని బండి నంబరు? లేదు. చెల్లికి నీ నంబరు నోటికొచ్చా? రాదు. మీ గది పేరు తెలుసా? నా ఫోన్‌లో ఉంది, దానికి తెలీదు. ఆయన నా ఫోన్ నా చేతికిచ్చాడు. ఫోన్ జాడ స్టేషన్లో తీయాలి, టైం పడుతుంది, ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పు అన్నాడు.

అమ్మ మొదటి రింగుకే ఎత్తింది. దిగారా, చేరినట్టు చూపిస్తోందిలే, దానికి ఫోన్ ఇవ్వు, సముద్రం ఎలా ఉందో అడుగుతాను అంది. నేను చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలీదు. మధ్యలో మిషను ఆగిపోవడం వినబడింది. అమ్మ పని మధ్యలో మిషను ఆపదు. దారం తెగితే తప్ప.

తిట్టలేదు. ఏడవలేదు. 

“ఆ చుక్కలు చివరికి ఎక్కడ ఆగుతాయో, చిన్నదానికి తెలుసా?” అంది.

తెలుసు. మంచం మీద దొర్లి నవ్వింది.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పరుగెత్తాను. వెనకనుంచి హెడ్డు ఏదో అన్నాడు. జనం మధ్య పరుగెత్తడమంటే పరుగు కాదు, ఈత. ఎవరిదో ఐస్‌క్రీం నా చేతికంటింది. ఎవరో తిట్టారు. చెల్లి చున్నీ ఆకుపచ్చది. ఆ ఊళ్ళో సగం మంది ఆకుపచ్చ వేసుకున్నారు. తప్పించుకుని ఉంటేనే అది ఇక్కడికి రాగలదు, లేకపోతే ఇక్కడ ఉండదు. ఇంత చిన్న లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది, తేలడం లేదు.

బస్టాండు వెనక గోడకి నీలం రంగు వేసిన టాయిలెట్లు. బయట బల్ల వేసుకుని ఒకావిడ, ఆవిడ ముందు పెద్ద లైను. లైనంతా గొణుగుతోంది. ఆకుపచ్చ చున్నీ అమ్మాయి ఎవరైనా అని అడిగేలోపే ఆవిడ నామీద పడింది.

“నీ తాలూకేనా? చివరి గదిలో దూరి గడియ పెట్టుకుంది. ఎంత కొట్టినా తీయదు. ఇక్కడ వీళ్ళందరికీ నేను జవాబు చెప్పుకోవాలి.”

చివరి తలుపు మీద చెయ్యి ఆనించాను. కొట్టలేదు. లోపల చడీచప్పుడు లేదు.

“బుడంకాయ్,” అన్నాను. “నేనే.”

ఇంట్లో తప్ప దాన్నలా ఎవరూ పిలవరు. బయట ఎవరిముందైనా పిలిస్తే గిచ్చుతుంది. గడియ కదిలింది, తెరుచుకోలేదు. లోపల్నుంచి సన్నగా, ఇంకెవరున్నారు నీతో అంది. ఎవరూ లేరు, ఫోన్లో అమ్మ ఉంది అన్నాను. అప్పుడు తీసింది.

మొహం సున్నంలా ఉంది. చేతిలో బ్యాగు లేదు, ఫోన్ లేదు. గట్టిగా పట్టుకున్నాను.  ఫోన్ దాని చెవికి పెట్టాను. అమ్మా అని ఒక్క మాట అంది. అటునుంచి అమ్మ ఏమందో నాకు వినపడలేదు. చెల్లి మాత్రం, ఊఁ, ఊఁ, లేదు, ఏం చేయలేదు, ముట్టుకోలేదు అని చెప్పుకుంటూ పోయింది.

తర్వాత నాకు చెప్పింది, ఆగి ఆగి. ట్యాంకరు అడ్డొచ్చాక అతను పక్కదారిలోకి తిప్పాడట. షార్ట్ కట్ అన్నాడట. మీరెక్కడున్నారో ఇంట్లో వాళ్ళకి తెలుసా అని మామూలుగా అడిగాడట. తెలుసు, మా అమ్మ చుక్క చూస్తూనే ఉంటుంది అని ఇది గట్టిగా చెప్పిందట. చూపించు అన్నాడట. చూపించింది. చుక్క ఇంకా హైవే మీదే, నా చుక్క పక్కనే ఉంది. అతను చూసి నవ్వాడట. మీ చుక్క వెనకబడిపోయింది పాపం, నెట్ స్లోగా ఉన్నట్టుంది అన్నాడట. ఫోన్ దాని చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకున్నాడట, దించేటప్పుడు ఇస్తానని. నేను ఫోన్ చేసినప్పుడు పక్కనే కూర్చుని వింది. పడుకుంది అని అతను చెప్తుంటే కళ్ళు తెరుచుకునే ఉందట. నోరు తెరవమంటే తెరుచుకోలేదట.

రైల్వే గేటు పడి బండ్లన్నీ ఆగినప్పుడు తలుపు తీసుకుని దూకేసింది. ముందు ఆగి ఉన్న బస్సులోకి ఎక్కేసి, మనుషుల మధ్యకి తోసుకుపోయింది. కండక్టరు టికెట్టడిగితే ఎవరో పెద్దావిడ తీసింది. ఆ బస్సు ఇక్కడే ఆగింది. నీ చుక్క కూడా ఇక్కడే ఆగుతుందిగా, నువ్వొస్తావనుకున్నాను అంది.

మరి లోపల గడియెందుకు పెట్టుకున్నావు, బయటే కూర్చోవచ్చుగా అన్నాను.

“ఫోన్ వాడి దగ్గరే ఉందక్కా. లాక్ పడనివ్వకుండా పట్టుకున్నాడు. నువ్వెక్కడ ఆగావో వాడికీ కనబడుతుంది.”

నాకు అప్పటిదాకా వేసిన భయం ఒకటి. ఇది ఇంకోటి. ఇది మెడ వెనకనుంచి వచ్చింది. నారింజ చుక్క పాడైందనుకుంటాడు, ఆ ఫోన్ తన చేతిలోనే ఉంది. నా నీలం చుక్క మాత్రం నిజమనుకుంటాడు, చెల్లి చేరేది నా దగ్గరికేనని అతనికి తెలుసు. ఇప్పుడది చాలాసేపటినుంచి ఒకేచోట నిలబడి ఉంది. నిజంగానే మేము దాని కిందే ఉన్నాం.

చెల్లిని మళ్ళీ లోపలికి తోసి నేనూ దూరి గడియ పెట్టాను. బయట లైను తిట్టిన తిట్లు రాయను. అమ్మ లైన్లో ఉండగానే హాస్టల్లో ఉన్న నా రూమ్మేట్‌కి ఫోన్ కలిపాను. రూమ్మేట్ బ్యాంకులో చేస్తుంది. సెలవు రోజు మధ్యాహ్నం నిద్రంటే దానికి ప్రాణం. నా లాప్‌టాప్ తెరువు, రెండు ఫోన్ల బొమ్మలుంటాయి, మూయకు, చచ్చినా మూయకు అన్నాను. నా గొంతు విని నిద్ర వదిలినట్టుంది, ఎందుకని అడగలేదు. మ్యాప్ మీద రెండు గుర్తులుంటాయి, వాటిని మౌస్‌తో బీచ్ రోడ్డు మీదుగా పోలీసు టెంటు దాకా తీసుకెళ్ళు అని చెప్పాను. లాగేశానే, ఎగిరి వచ్చాయి అంది. వద్దు, వెనక్కి పెట్టు, మెల్లగా, మనుషులు నడిచినట్టు. జనంలో ఆగుతూ. ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక.

నా ఫోన్‌లో చూస్తూ ఉన్నాం. నీలం, నారింజ టాయిలెట్ల మీదనుంచి కదిలి, బస్టాండు దాటి, బీచ్ రోడ్డెక్కాయి. ఒకచోట ఆగాయి. ఇక్కడ ఐస్‌క్రీం బండి ఉంది, కొనుక్కుంటున్నారనుకో అంది రూమ్మేట్ ఫోన్లో. దానికి ఉద్యోగం మార్చుకోమని చెప్పాలి. అమ్మ కూడా అక్కడ మిషను ముందు అదే చూస్తోంది. అవి మేము కాదని తెలుసు. అయినా రోడ్డు దాటేటప్పుడు, జాగ్రత్తే అంది.

చుక్కలు బీచ్ రోడ్డు మీద నడిచాయి. మేము టాయిలెట్ల ఆవిడ చూపించిన దారిన, హోటళ్ళ వంటగదుల వెనక సందులో, గిన్నెలు కడిగే నీళ్ళలో అడుగులేసుకుంటూ టెంటు వెనక్కి చేరాం.

ఆంటీ వాళ్ళు ఇంకా వెళ్ళలేదు. చెల్లిని చూసి మామ్మ దాని మణికట్టు పట్టుకుంది, ఇందాక నాది పట్టుకున్నట్టే. హెడ్డుకి చెప్పాను. ఈసారి ఫోన్ అబద్ధం చెప్తుందా అనలేదు. మైకు బల్ల మీద పెట్టి, టోపీ తీసి పక్కన పెట్టి, ఇద్దరు కానిస్టేబుళ్ళని బూరలమ్మేవాళ్ళ పక్కన నిలబెట్టాడు. మమ్మల్ని టెంటు గుడ్డ వెనక కూర్చోమన్నాడు. గుడ్డకి చిన్న చిరుగుంది. చెల్లి చూడనంది. నేను చూశాను.

ఎండ పసుపెక్కింది. జనం జనంలాగే కదులుతున్నారు. ఎర్ర చొక్కా బాబుని వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. రాడేమో అనుకున్నాను. రాకపోతే బాగుండు అనిపించింది, రాకపోతే ఇక ఏ ఊళ్ళో ఏ తెల్ల కారునీ చూడలేను అనీ అనిపించింది.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు. నడుస్తున్నవాళ్ళందరూ సముద్రం వైపు చూస్తుంటే అతనొక్కడే ఫోన్ వైపు చూస్తూ వస్తున్నాడు. చెల్లి ఫోన్ అది, వెనక చాక్లెట్టు స్టిక్కరు నేనే అంటించాను. ఆగాడు. రెండు వేళ్ళతో మ్యాప్‌ని పెద్దది చేశాడు. తలెత్తి చుట్టూ చూశాడు. మళ్ళీ పెద్దది చేశాడు. మా చుక్కలు అతని కాళ్ళ దగ్గర ఉండి ఉంటాయి.

హెడ్డు వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. అతను బెదరలేదు. నవ్వుతూ ఫోన్ చాపాడు. పాపం ఆ అమ్మాయి బండిలో మర్చిపోయిందండీ, ఇచ్చిపోదామని వెతుక్కుంటూ వచ్చాను, బ్యాగు కూడా కార్లో ఉంది. అంత మర్యాదగా చెప్పాడు. మంచి పని చేశారు అనాలనిపించేలా చెప్పాడు. బూరల దగ్గరున్న కానిస్టేబుల్ మొహంలో అది కనబడింది కూడా. నేను గుడ్డ పక్కకి తప్పించి బయటికొచ్చాను. 

“నేను ఫోన్ చేస్తే పడుకుంది అన్నారెందుకు?”

నా వైపు చూశాడు. నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం లెక్కేసుకుంటున్నాయి. కళ్ళు మూసుకుని ఉంటే పడుకుందనుకున్నానండీ అన్నాడు.

“నేను బండిలో కళ్ళు మూయను,” అంది చెల్లి నా వెనకనుంచి. ఎప్పుడొచ్చిందో చూడలేదు.  “నువ్వు చెప్పేటప్పుడు నా మొహమే చూస్తున్నావు.”

హెడ్డు ఫోన్ తీసుకున్నాడు. అతన్ని టెంటులో కూర్చోబెట్టి, స్టేషన్ జీపు పిలిచాడు. అతను చెల్లెమ్మా అని ఏదో మొదలుపెట్టబోతే మామ్మ లేచి వాళ్ళిద్దరి మధ్యలోకి వచ్చి నిలబడింది. అతను నిలబడితే ఆవిడ అతని భుజం దాకా కూడా రాదు. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

స్టేషన్లో మమ్మల్ని కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగారు. అమ్మ మొదటి బస్సుకి బయల్దేరుతున్నానంది. అసలు బస్సు. బయట చీకటి పడుతుంటే, సముద్రం చప్పుడు వినబడుతోంది, కనబడడం లేదు. చెల్లి నా భుజం మీద తల పెట్టింది. కళ్ళు తెరుచుకునే ఉంది. రూమ్మేట్‌కి చెప్పి లాప్‌టాప్ మూయించాను. నా ఫోన్లో లొకేషన్ మళ్ళీ ఆన్ చేశానని, ఇప్పుడు చూడమని అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఆవిడ బ్యాగు సర్దుకుంటున్నట్టుంది, జిప్పు చప్పుడు వినబడింది.

“నాకు చూపించొద్దు,” అంది అమ్మ. “ఎక్కడున్నారో నోటితో చెప్పు. తర్వాత దాన్ని కూడా చెప్పమను.”

చెప్పాను. పోలీస్ స్టేషన్లో, కిటికీ పక్కన బెంచీ మీద, దాని చెయ్యి నా చేతిలో ఉంది. చెల్లికి ఫోన్ ఇచ్చాను. అది కూడా అదే చెప్పింది, బెంచీ దగ్గర్నుంచి మొదలుపెట్టి.